మేళాకొచ్చిన పటాలం

1965 నవంబరు 1, సోమవారం

మన వీర సైన్యం ఈ ఉదయం భిలాయి క్యాంప్-టూలో మా ఇళ్ళ వరసను ముట్టడించి, మధ్యాహ్న భోజనం వేళకు జయించింది. శత్రువు వైపు నష్టం: పగిలిన కుండలు, కడుపు చీల్చిన పరుపు, పారిపోయిన కోడిపెట్ట. మన వైపు నష్టం ఏమీ లేదు. మా వరస ఏ వైపుకు వస్తుందో ఇంకా తేలలేదు కనుక చరిత్రకారుడిగా అంతకు మించి రాయను.

మైకు పట్టుకున్న జవాను చెప్పింది ఇది. ప్లాంటులో ప్రమాదాలు పెరిగాయి. కారణం గంజాయి, నల్లమందు. చైనా యుద్ధం నాటి నుంచి దేశం ఎమర్జెన్సీలో ఉంది, ఉక్కు దేశానికి వెన్నెముక, కాబట్టి వెన్నెముకకు పొగ పట్టకుండా చూసే పనిని పోలీసుల చేతిలోంచి తీసి పటాలానికి అప్పగించారు. అప్పగించింది ఎవరో మైకు చెప్పలేదు.

ఇదంతా హిందీలో. మా వరస శ్రీకాకుళం నుంచి యథాతథంగా ఊడదీసి తెచ్చి ఇక్కడ బిగించిన వరస. ఆడవాళ్ళకు కూరగాయల హిందీ తప్ప రాదు. రెండు నెలల కింద యుద్ధానికి వెళ్ళే జవాన్ల రైలు పవర్ హౌస్ స్టేషన్లో ఆగినప్పుడు ఈ ఆడవాళ్ళే పూరీలు మోసుకెళ్ళి, బొట్లు పెట్టి పంపారు. ఇప్పుడూ అలాంటిదే ఏదో అడుగుతున్నారనుకుని పక్కింటి నూకరత్నం అత్త తన కొత్త దుప్పటి తెచ్చి ఒక జవాను చేతిలో పెట్టింది. "సలికి పడుంతారు పాపం, అట్టే పెట్టుకో నాయనా" అంది. ఆ కుర్రాడు దాన్ని విప్పి, దులిపి, అంచులు నొక్కి చూసి, బురదలో పడేశాడు.

నేను నవ్వాను. నవ్వింది నేనొక్కణ్ణే.

బజారులో సర్కారు లైసెన్సు బోర్డు తగిలించుకుని గంజాయి అమ్మే దుకాణానికి సీలు వేశారు. నిన్నటిదాకా అక్కడ కొనడం చెడ్డ అలవాటు. ఈ రోజు నుంచి దేశద్రోహం.

నవంబరు 3, బుధవారం

ఉద్యోగం వచ్చింది. బి.ఏ. మూడో తరగతిలో పాసై, రెండేళ్ళ నిరుద్యోగ సామ్రాజ్యాన్ని ఏలిన గోపాలాన్ని, భారత సైన్యం దుబాసీగా నియమించుకుంది.

నియామకం జరిగిన తీరు. నూకరత్నం అత్త మొగుడు బంగార్రాజు మావను పటాలం కెప్టెన్ హిందీలో ప్రశ్నిస్తున్నాడు. మావ రోలింగ్ మిల్లులో చేస్తాడు. ప్లాంటులో మా వాళ్ళంతా మొదటి రోజే నేర్చుకున్న హిందీ రెండు మాటలు: హా సాబ్. అర్థమైనా హా సాబ్, కాకపోయినా హా సాబ్, తిట్టినా హా సాబ్. దాంతోనే కొలిమి పక్కన ఇన్నేళ్ళు బతికారు.

"గంజాయి తాగుతావా?"

"హా సాబ్."

"అమ్ముతావా?"

"హా సాబ్."

"ఈ బస్తీకంతా నువ్వే అమ్ముతున్నావా?"

"హా సాబ్, హా సాబ్."

ఇద్దరు జవాన్లు మావ రెక్కలు పట్టుకున్నారు. మావ వాళ్ళకేసి మర్యాదగా చూసి మళ్ళీ హా సాబ్ అన్నాడు. నేను అడ్డుపడి ఇంగ్లీషులో సంగతి చెప్పాను. కెప్టెన్ మావను వదిలించి, నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, ఏం చదివావన్నాడు. రేపటి నుంచి రమ్మన్నాడు. ఇష్టమేనా అని అడగలేదు. అడిగి ఉంటే నేనూ హా సాబ్ అనేవాణ్ణే.

అమ్మ ఏడ్చి, ముక్కు చీది, దేవుడి మూలకు తిరిగి దండం పెట్టింది.

"మొక్కున్నాను సామికి. నీకు గవర్మెంటు కొలువొస్తే మేళా చేయిస్తానని. ఈ ఆదివారం కాదు, మీదటి ఆదివారం పెట్టీద్దుం."

రాబోయే తరాల జ్ఞానార్థం నమోదు చేస్తున్నాను. త్రినాథస్వామి మేళాకు కావలసినవి: మూడు దీపాలు, మూడు తాంబూలాలు, మూడు చిటికెల గంజాయి. సందె వేళ దీపాలు పెట్టి, చిలుం నింపి స్వామి ముందుంచి, పాటలు పాడి, ఆ చిలుమే ప్రసాదంగా అందరికీ తిప్పాలి. మేళా మధ్యలో ఆపకూడదు. వేళకు గడపలో నిలబడ్డది ఎవరైనా సరే, పిలిచి కూర్చోబెట్టి ప్రసాదం పెట్టాలి.

అంటే గంజాయిని వేటాడే ఉద్యోగం ఇప్పించినందుకు మా అమ్మ దేవుడికి గంజాయి పెడుతుంది. హాస్యం నా సొత్తనుకునేవాణ్ణి. అందులోనూ మా ఇంట్లో స్వామే పెద్ద.

నవంబరు 5, శుక్రవారం

ఉద్యోగ ధర్మాలు: ముందు జవాన్లు వెళ్తారు. తరువాత వాళ్ళ పెద్ద సుబేదారు. తరువాత నేను. నేను లోపలికి వెళ్ళేసరికి ఇల్లు ఇల్లులా ఉండదు.

ఈ రోజు ఒక ముసలాయన పెట్టె తాళం తీయడానికి ఆలస్యం చేశాడు. తాళంచెవి మొలతాడుకు ఉంది, చేతులు వణికి ముడి రావడం లేదు. త్వరగా తీయమంటున్నారని తెలుగులో చెప్పాను. చెంపదెబ్బ మాత్రం ఆయనకు నేరుగానే అర్థమైంది.

పెట్టెలో ధోవతి, జంధ్యాలు, ఎవరిదో చిన్నపిల్ల ఫొటో.

నవంబరు 6, శనివారం

విశేషాలేమీ లేవు. అప్పలకొండను తీసుకెళ్ళారు.

నవంబరు 7, ఆదివారం

నిన్న సరిగా రాయలేదు. అప్పలకొండ మా వరస చివరి ఇంట్లో ఉంటాడు, ప్లాంటు రైలింజన్ల షెడ్డులో ఖలాసీ. ఆవుకు కడుపు ఉబ్బితే పెట్టడానికి చూరులో గంజాయి ఆకు కట్ట దాచుకున్నాడు. మా ఊళ్ళలో ఆవున్న ప్రతి ఇంటి చూరులోనూ ఉంటుంది. లారీ ఎక్కించే ముందు మెడలోంచి గేటుపాసు తీసుకున్నారు. గేటుపాసు పోతే కొలువు పోతుంది. కొలువు పోతే ప్లాంటు ఇచ్చిన ఇల్లు పోతుంది. మనిషి దుర్గ్ జైలుకు. ఎమర్జెన్సీలో బెయిలు లేదట.

వాళ్ళావిడ అచ్చమ్మ పొద్దున్నే మా గుమ్మం దగ్గర నిలబడింది.

"నువ్వేటి సెప్పావు బాబూ ఆళ్ళకి?"

"ఆయన చెప్పిందే చెప్పానమ్మా."

"ఆవుకని సెప్పాడు కదా. నేనిన్నాను."

"చెప్పాను."

చెప్పాను. ఇంగ్లీషులో ఆవు అనడం కష్టమేమీ కాదు. చుట్టూ అరుపులు, కెప్టెన్ చెయ్యి ఊపుతున్నాడు, తొందర. అయినా చెప్పాననే గుర్తు.

నవంబరు 9, మంగళవారం

సుబేదారు నాకు ఎనామిల్ మగ్గులో టీ పోయించాడు. ఎక్కడో కొండల్లో ఆయన ఊరు, గోధుమ చేను, ఇద్దరు ఆడపిల్లలు. మా అమ్మ మేళా సంగతి చెప్పకుండా, మా వైపు దేవుడికి గంజాయి పెట్టే ఆచారం ఉందని మాత్రం అన్నాను. ఎందుకన్నానో తెలియదు, గొంతులో అదే ఉంది.

"మా ఊళ్ళోనూ శివరాత్రికి భోలేనాథుడికి పెడతాం" అన్నాడు.

"మరి ఇదంతా?"

తన మగ్గులో అడుగు టీ నేల మీద పారబోశాడు. "దేఖో బేటా, ఫౌజులో నాకు నేర్పింది రెండే. వీడు మనవాడు, వాడు దుష్మన్. దుష్మన్ ఇంట్లో ఎలా జొరబడాలో నాకు తెలుసు. ఇంట్లో ముసలమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంటే ఏం చెయ్యాలో నేర్పలేదు. కాబట్టి తెలిసిందే చేస్తాను."

చాలా నెమ్మదిగా చెప్పాడు. కోపంతో ఉన్న మనిషయితే ఎప్పుడో చల్లారుతాడనుకోవచ్చు.

నవంబరు 10, బుధవారం

గంజాయి బదులు తులసి పెట్టమని అమ్మను వేడుకున్నాను.

"సామికి మాటిచ్చింది నాను. తులిసిస్తానన్నేదు."

"అప్పలకొండ గతి చూశావా?"

"సూసినాను. ఆడిది మొక్కు సరుకు కాదు గదా."

"అమ్మా, నేను వాళ్ళ మనిషిని. నా ఇంట్లోనే దొరికితే?"

"నీ కొలువు సామిచ్చిందే. ఇచ్చినోడికి ఎగ్గొడితే ఉంతాదేటి?"

నాన్న కోక్ ఓవెన్ డ్యూటీ నుంచి వచ్చి, మసి ముఖంతోనే కూర్చుని వింటున్నాడు. మా నాన్న అప్పలసూరి అంటే ఆ సెక్షన్లో ఎక్కువ మాట్లాడని మనిషని పేరు. ఆయన్నైనా చెప్పమన్నాను. నాన్న అమ్మను చూశాడు, నన్ను చూశాడు.

"పాటలు నెమ్మదిగా పాడమందుం" అన్నాడు.

నవంబరు 12, శుక్రవారం

బంగార్రాజు మావ కంచె అవతల నుంచి "దొరికిందిరా" అన్నాడు. ఏమిటని నేను అడగలేదు. కాబట్టి నాకు తెలియదు.

నవంబరు 14, ఆదివారం, ఉదయం

ఏర్పాట్లు పూర్తి. సాయంత్రం నేను ఇంట్లో ఉండను, డ్యూటీలో ఉంటాను. భిలాయి-3 వైపు రైలు కట్ట దాటాక కొన్ని గుడిసెల్లో సరుకు దాస్తున్నారని సుబేదారుతో నిన్ననే అన్నాను. పటాలం అటు వెళ్తుంది, మేళా ఇటు జరుగుతుంది. ఆ గుడిసెల్లో ఎవరుంటారో నాకు తెలియదు. నాకు తెలియని వాళ్ళు కావడమే వాళ్ళ అర్హత.

యుద్ధతంత్రంలో నాకు ఇంత ప్రవేశం ఉందని నాకే తెలియదు. మూడుసార్లు స్నానం చేశాను. చెమట ఆగడం లేదు.

నవంబరు 15, సోమవారం

రాయాలి. వరసగా రాస్తేనే వరసగా జరిగినట్టు ఉంటుంది.

సాయంత్రం లారీ భిలాయి-3 వైపే బయలుదేరింది. బజారు మలుపులో కెప్టెన్ జీపు ఎదురొచ్చి ఆగింది. క్యాంప్-టూలో మద్దెల వినిపిస్తోంది, గుంపు చేరింది, ముందు అక్కడికి పదండి అన్నాడు. పాటలు నెమ్మదిగానే పాడుతున్నారు. మద్దెలకు నెమ్మది తెలియదు.

లారీలో నేను సుబేదారు పక్కనే ఉన్నాను. ఏదైనా చెప్పవలసింది. అక్కడేమీ ఉండదు సాబ్ అనవలసింది. ఒక్కో వరసా దాటుతుంటే, ఇంకా ఏదో ఒక ఇంటి ముందు ఆగుతారులే అనుకుంటూ కూర్చున్నాను.

మా ఇంటి ముందే ఆగింది.

జవాన్లు గడపలోకి వెళ్ళారు. లోపల మూడు దీపాలు, వాటి వెనక అమ్మ, నాన్న, బంగార్రాజు మావ, నూకరత్నం అత్త, ఇంకా ఇరుగుపొరుగు. మావ పాట ఆపబోతే అమ్మ చేత్తో ఆపొద్దని సైగ చేసింది. లేచి వచ్చి జవాన్ల ముందు చెంబుతో నీళ్ళు పెట్టింది.

"రండి బాబూ, మేళా వేళకొచ్చారు. కాళ్ళు కడుక్కోని కూకోండి."

మా వాళ్ళు తప్ప ఎవరూ చెయ్యరు ఈ పని. ఆ కుర్రాళ్ళకు భాష రాదు కాని, చెంబు అర్థమైంది. ఇద్దరు నిలబడిపోయారు. సుబేదారు వంగి బూటు లేసు మీద చెయ్యి వేశాడు. నిజంగా వేశాడు. నేను చూశాను.

"సుబేదార్ సాబ్." వెనక నుంచి కెప్టెన్ గొంతు. ఆయన లేచి నిటారుగా నిలబడ్డాడు.

అప్పుడు అమ్మ నన్ను చూసింది. జవాన్ల భుజాల మధ్య నుంచి. చూపు ఒక్క క్షణం ఆగి, జారిపోయింది.

"మీరూ రండి బాబూ" అంది. మీరు అంది.

చిలుం దొరకడానికి వెతకనక్కరలేదు, దీపాల ముందే ఉంది. "ఎవరిదో అడుగు" అన్నాడు కెప్టెన్.

"ఎవరిదని అడుగుతున్నారు."

"సామిదండి." అందరూ ఒకేసారి అన్నారు. పెట్టిన తరువాత అది స్వామిదే, మరొకరి పేరు చెప్పరు.

"దేవుడిదంటున్నారు సర్."

"ఆయన అడ్రసు కనుక్కో." మరో చోటయితే నేను ఆ మాటకు నవ్వి, దాచుకుని, నలుగురికీ చెప్పేవాణ్ణి. "పేరు చెప్పకపోతే ఆడవాళ్ళతో సహా అందర్నీ లారీ ఎక్కిస్తానని చెప్పు."

చెప్పాను. ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పాను. మార్చవచ్చని అప్పుడు తట్టలేదు.

నాన్న లేచాడు. "మేరా, సాబ్" అన్నాడు. "ఘర్ మేరా. పూజా మేరా."

నాన్న నోట హా సాబ్ కాకుండా మరో హిందీ మాట వినడం అదే మొదలు. దానికి నేను అక్కరలేకపోయింది.

కెప్టెన్ నావైపు తిరిగాడు. "నువ్వు ఈ వరసలోనే కదా ఉండేది. ఇతను తెలుసా?"

నేను నోరు తెరిచేలోపు నాన్న అందుకున్నాడు. "ఏ బాబుకో హమ్ నహీ జాన్తా, సాబ్." ఈ బాబెవరో తనకు తెలియదట.

కెప్టెన్ ఇంకా నన్నే చూస్తున్నాడు.

"నో, సర్" అన్నాను. ఏ పరీక్షలోనూ అంత త్వరగా జవాబు రాయలేదు.

గేటుపాసు తీసుకున్నారు. నాన్న తనంతట తనే లారీ ఎక్కాడు. నేను ముందు, సుబేదారు పక్కన. లారీ మలుపు తిరుగుతుంటే మా వరసలో మద్దెల మళ్ళీ మొదలైంది. మేళా మధ్యలో ఆపకూడదు.

నవంబరు 16, మంగళవారం

ఇంట్లో అమ్మ నాతో మాట్లాడింది. అన్నం పెట్టింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నేనేదైనా జవాబు చెప్పేవాణ్ణి.

మధ్యాహ్నం మైదానంలో డేరా. బల్ల వెనక కెప్టెన్, ఎదురుగా నేల మీద నాన్న, మధ్యలో నేను. దెబ్బ పైకి కనబడకుండా గుడ్డ చుట్టిన లాఠీ పట్టుకుని సుబేదారు.

"సరుకు ఎవరిచ్చారో అడుగు."

"సరుకు ఎవరిచ్చారని అడుగుతున్నారు."

నాన్న నన్ను కాకుండా బల్ల కాళ్ళను చూస్తూ అన్నాడు. "మీయమ్మ గెంజి నీళ్ళైనా తాగిందేట్రా?"

"బజారులో ఎవడో ఇచ్చాడంటున్నాడు సర్. పేరు తెలియదట."

"వాడెలా ఉంటాడు?"

"మనిషి ఎలా ఉంటాడని అడుగుతున్నారు. తాగింది."

"నా డ్యూటీ బట్టలు ఉతికీమని సెప్పు. మరి నాకక్కర్నేదు గాని, ఎవులికైనా పనికొస్తాయి. బంగార్రాజు పేరు నీ నోట రానీకు."

"పొట్టిగా, నల్లగా ఉంటాడు సర్. ఎర్ర తలపాగా."

కెప్టెన్ రాసుకున్నాడు. లాఠీ కదల్లేదు. బయటికొచ్చాను. కొంచెం గర్వపడ్డాను. నాన్నకు దెబ్బ తగలనివ్వలేదు, మావ పేరు రానివ్వలేదు, సైన్యం ముందే ఇంటి కబుర్లు చెప్పుకున్నాం.

పొట్టిగా, నల్లగా, ఎర్ర తలపాగా ఎవరు? ఎవరూ కాదు. నేను పుట్టించిన మనిషి.

నవంబరు 17, బుధవారం

డేరా పక్కన నేల మీద కూర్చుని రాస్తున్నాను. చెప్పులు, బెల్టు తీసుకున్నారు. డైరీ తిరగేసి, చదవడం రాక, పనికిరాదని ఇచ్చేశారు.

నేను పుట్టించిన మనిషి పొద్దున్నే దొరికాడు. ఒకడు కాదు. పవర్ హౌస్ స్టేషన్లో సామాను మోసే హమాలీలు, ఛత్తీస్‌గఢీ వాళ్ళు. అందరూ పొట్టి, అందరూ నలుపు, అందరికీ ఎర్ర తలపాగా. డేరా ముందు వరసగా గొంతుక్కూర్చోబెట్టారు. ఒకడి పెదవి అప్పటికే చిట్లింది. నన్ను చూడగానే చదువుకున్న బాబులా కనిపించానేమో, చేతులు జోడించాడు.

"వీళ్ళలో ఎవడో చూపించమను" అన్నాడు కెప్టెన్. "చూపించకపోతే వీళ్ళనూ కొడతాం, ఇతన్నీ కొడతామని చెప్పు."

సుబేదారు లాఠీకి చుట్టిన గుడ్డ తీస్తున్నాడు.

నాన్న ఆ వరసను చూశాడు. తరువాత నన్ను చూశాడు. ఇన్ని రోజుల్లో నాన్న ముఖంలో భయం అప్పుడే చూశాను.

"ఈళ్ళెవుల్రా?" అన్నాడు.

దాన్ని అనువదించలేదు. ఇంగ్లీషులో నా మాటలే చెప్పాను. ఇతను మా నాన్న సర్. అది మా ఇల్లు. ఎర్ర తలపాగా నా కల్పన, అలాంటి మనిషి లేడు. ఆ గంజాయి నాకోసం తెచ్చింది.

"నీకోసమా? దేనికి?"

"ఈ ఉద్యోగం వచ్చినందుకు దేవుడికి పెట్టడానికి, సర్."

నా జన్మలో నేను వేసిన జోకులన్నిటిలో అదొక్కటే అసలైనది. ఎవరూ నవ్వలేదు. కెప్టెన్ పెన్నుకు మూత పెట్టాడు. సుబేదారు చూపు తిప్పుకున్నాడు.

హమాలీలను వదిలారో లేదో తెలియదు. లేపి డేరా అవతలికి తీసుకెళ్ళారు. అటు నుంచి చప్పుడేమీ రావడం లేదు. అది మంచికో చెడ్డకో ఊహించడం మానుకున్నాను. నా ఊహలు ఎక్కడికి పోతాయో చూశాను.

నన్ను నాన్న పక్కన కూర్చోబెట్టారు. మా ఇద్దర్నీ దుర్గ్ తీసుకెళ్తారట. తరువాత ఏమిటని జవాన్లనడిగితే, అది పోలీసుల పనన్నారు. దుర్గ్ నుంచి వచ్చిన పోలీసునడిగితే అది పటాలం పనన్నాడు.

"ఎదవా, ఎందుకు సెప్పావురా" అన్నాడు నాన్న. లారీ స్టార్టు చేస్తుంటే అటే చూస్తూ అడిగాడు.

"తిన్నావేట్రా?"

"లేదు నాన్నా" అన్నాను. ఆయన ఏమన్నాడని ఎవరూ నన్ను అడగలేదు.